జాషువా చదువు - మనకొక పాఠం

మనలో చాలామందిమి ఇంట్లో మొదటిసారి పుస్తకం పట్టినవాళ్ళమే. అందుకే గుర్రం జాషువా గారి జీవితాన్ని మనం తెలుసుకోవాలి.

ఆయన 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. పేదరికం, అంటరానితనం అడుగడుగునా అడ్డుపడ్డాయి. రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పి పొట్ట పోసుకున్నారు, పంతులుగా పనిచేశారు. అయినా చదువు మానలేదు. తెలిసినవారిని ఆశ్రయించి సంస్కృతం నేర్చుకున్నారు, కాళిదాసు కావ్యాలు చదివారు.

అసలు పాఠం ఇక్కడే ఉంది. 'మేఘసందేశం'లో యక్షుడు మేఘంతో ప్రేయసికి కబురు పంపుతాడు. జాషువా గారు ఆ పద్ధతిలోనే 1941లో 'గబ్బిలం' రాశారు. గుడిలోకి రానివ్వని పేదవాడు, గుడిలో హాయిగా వేలాడే గబ్బిలంతో శివుడికి తన గోడు చెప్పుకుంటాడు. నేర్చిన విద్య తనవారి బాధకు గొంతు అయింది. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

మార్కుల కోసం చదువుదాం, తప్పదు. దాంతోపాటు రానిది సిగ్గుపడకుండా అడుగుదాం. నెలకు ఒక్క గ్రంథాలయ పుస్తకమైనా చదువుదాం. మన వాడ కష్టం గురించి ఒక్క పేజీ అయినా రాద్దాం. ఇక్కడ చదివి వెళ్ళిన అన్నలు, అక్కలు తమ పాత పుస్తకాలు మన హాస్టల్‌కు ఇస్తే, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు దారి చూపినవారవుతారు.