ఇంట్లో ఒక పోస్టాఫీసు

పోయిన ఏడాది మన క్లబ్బు మెయిల్ తాళం పడిపోయింది. ఎందుకో చాలామందికి తెలీదు కాబట్టి అక్కడే మొదలుపెడతా. ఆ ఖాతా తెరిచిన సీనియర్ అన్న పాసై వెళ్లిపోయాడు, ఫోన్ నంబర్ కూడా మార్చేశాడు. పాస్‌వర్డ్ మా దగ్గర ఉంది. కానీ కొత్త ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవబోతే ఓటీపీ ఆ పాత నంబర్‌కే వెళ్లింది. ఆ నంబర్ ఇప్పుడు ఎవరి దగ్గర ఉందో! మూడేళ్లుగా మీరు పంపిన కథలు, కవితలు అందులోనే ఉండిపోయాయి. వాటిలో అచ్చు కానివి ఎన్ని ఉన్నాయో మాకూ తెలీదు.

"మనకే సొంత మెయిల్ సర్వర్ ఉంటే ఈ గొడవ ఉండదుగా" అని మీటింగ్‌లో అన్నది నేనే. అన్నవాడే చెయ్యాలి కదా! వేసవి సెలవుల్లో మా ఇంటి బ్రాడ్‌బ్యాండ్ మీద, ఒక పాత ల్యాప్‌టాప్‌తో మొదలుపెట్టా. అందులో నేర్చుకున్నదే ఈ పాఠం.

1. మెయిల్ ఎలా నడుస్తుంది?

మెయిల్‌ని ఒక సర్వర్ నుంచి ఇంకో సర్వర్‌కి చేరవేసే పద్ధతి పేరు ఎస్ఎంటీపీ. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఆర్ఎఫ్‌సీ 821లో ఇది ఉంది. చూస్తే ఇద్దరు గుమస్తాల సంభాషణలా ఉంటుంది. పంపేవాడు "హెలో, నేను ఫలానా" అంటాడు. ఇటువాడు 250 అంటాడు, అంటే సరే అని. "ఈ ఉత్తరం ఫలానా వాళ్ల నుంచి." 250. "ఫలానా వాళ్లకి." 250. "ఇదిగో విషయం." 354, అంటే కానివ్వు అని. చివర ఒక లైన్‌లో ఒంటరిగా ఒక చుక్క పెడితే ఉత్తరం అయిపోయినట్టు.

ఇక్కడ ఒకటి గమనించండి. "ఫలానా వాళ్ల నుంచి" అన్నది నిజమా కాదా అని ఎవరూ అడగలేదు. పోస్టుకార్డు మీద పంపినవారి పేరు ఏదైనా రాసెయ్యొచ్చు చూడండి, అలాగే ఇదీ. స్పామ్ గొడవంతా ఇక్కడే పుట్టింది. కింద చెప్పే చిక్కుల్లో చాలావరకు దాన్ని ఆపడానికి తర్వాత కట్టిన గోడలే.

2. ఇంటి కనెక్షన్‌తో నాలుగు చిక్కులు

మొదటిది, మీకు సొంత చిరునామా ఉందా? ఐపీవీ4 అడ్రస్‌లు మొత్తం కలిపి దాదాపు 429 కోట్లు. అవి చాలక కంపెనీలు ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక చాలా ఇళ్లని పెడుతున్నాయి. దీన్నే సీజీనాట్ అంటారు. పెద్ద అపార్ట్‌మెంట్‌కి ఒకే గేటు ఉండి, ఫ్లాట్ నంబర్లు బయటికి కనిపించకపోతే ఎలా ఉంటుందో అలా. మీరు బయటికి వెళ్లగలరు, పోస్ట్‌మ్యాన్ మాత్రం మీ తలుపు దాకా రాలేడు. మీది ఎలాంటిదో తెలుసుకోవడం తేలిక. రౌటర్ పేజీలో కనిపించే వ్యాన్ అడ్రస్, బయటి సైట్లు చూపించే మీ అడ్రస్ ఒకటేనా చూడండి. రౌటర్‌లో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అడ్రస్ ఉంటే అది సీజీనాటే.

రెండోది, పబ్లిక్ అడ్రస్ ఉన్నా అది మారుతూ ఉండొచ్చు. నేను అదనంగా డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ తీసుకున్నా. ఈ రెండు చిక్కులూ దాంతో పోయాయి.

మూడోది, పోర్ట్ 25. సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఈ పోర్ట్ మీదే. వైరస్ పట్టిన ఇంటి కంప్యూటర్లు స్పామ్ పంపకుండా చాలా కంపెనీలు ఇళ్ల నుంచి బయటికి వెళ్లే పోర్ట్ 25ని మూసేస్తాయి. మాదీ మూసే ఉంది. లోపలికి వచ్చేది మాత్రం తెరిచే ఉంది.

నాలుగోది, పేరు. అడ్రస్‌ని బట్టి పేరు చెప్పే రికార్డుని పీటీఆర్ అంటారు. అది మన చేతిలో ఉండదు, అడ్రస్ ఇచ్చిన కంపెనీ చేతిలో ఉంటుంది. దానికి తోడు స్పామ్‌హాస్ వాళ్ల పీబీఎల్ జాబితా ఒకటుంది. నేరుగా మెయిల్ పంపకూడని ఇంటి అడ్రస్‌లన్నీ అందులో ఉంటాయి. అందులో ఉన్నామంటే తప్పు చేశామని కాదు, ఆ వీధిలో ఉన్నామని అంతే.

అందుకే దారి రెండుగా చీల్చుకున్నా. వచ్చే మెయిల్ నేరుగా ఇంటికి వస్తుంది. వెళ్లే మెయిల్ పోర్ట్ 587 మీద, పాస్‌వర్డ్‌తో, ఒక రిలే సేవకి వెళ్లి అక్కడి నుంచి లోకంలోకి పోతుంది.

3. చేసిన పని

ల్యాప్‌టాప్‌లో డెబియన్ వేశా. ఉత్తరాలు తీసుకునే, పంపే గుమస్తా పోస్ట్‌ఫిక్స్. పెట్టెలో సర్ది, ఫోన్‌కి చూపించేది డవ్‌కాట్. దారిలో ఎవరూ చదవకుండా లెట్స్ ఎన్‌క్రిప్ట్ నుంచి ఉచిత సర్టిఫికెట్ తీసుకున్నా.

"ఆ డబ్బా రాత్రంతా గుయ్యిమంటోంది, ఎందుకురా?" అంది అమ్మ. పోస్టాఫీసమ్మా అన్నా. "అయితే ఫ్రిజ్ పక్కన వద్దు, అటు పెట్టు" అంది.

కరెంటు పోతే ఎలా అని అందరూ అడిగారు. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఎలాగూ ఉంది, రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టా. అయినా అంత భయం అక్కర్లేదు. మీ సర్వర్ పలకకపోతే పంపినవాడు ఉత్తరం పారెయ్యడు, దాచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాడు. కనీసం నాలుగైదు రోజులు అలా ప్రయత్నించాలని ఆర్ఎఫ్‌సీ 5321 చెబుతుంది. ఒక పూట కరెంటు పోతే ఉత్తరం ఆలస్యంగా వస్తుంది, పోదు.

4. మూడు సంతకాలు

డొమైన్ కొన్నాక డీఎన్ఎస్‌లో రికార్డులు రాయాలి. ఈ డొమైన్ ఉత్తరాలు ఏ యంత్రానికి ఇవ్వాలో ఎంఎక్స్ చెబుతుంది. అందులో ఐపీ అడ్రస్ రాయకూడదు, పేరే రాయాలి. మన పేరుతో పంపడానికి ఎవరికి హక్కుందో ఎస్‌పీఎఫ్ చెబుతుంది. నేను మొదట నా ఇంటి అడ్రసే రాశా. కానీ బయటికి పంపేది రిలే కదా! దాన్ని చేర్చేదాకా పరీక్షలో ఫెయిలే.

డీకిమ్ అంటే ముద్ర. సర్వర్ దగ్గరున్న రహస్య తాళంతో ప్రతి ఉత్తరం మీద సంతకం పడుతుంది. దాని జంట తాళం డీఎన్ఎస్‌లో అందరికీ కనిపించేలా ఉంటుంది. 2048 బిట్ల తాళం పెడితే ఒక చిక్కు వస్తుంది. డీఎన్ఎస్‌లో ఒక్కో ముక్క 255 అక్షరాలు దాటకూడదు కాబట్టి రెండు ముక్కలుగా రాయాలి. నాకు ఒక సాయంత్రమంతా దానికే పోయింది.

ఈ రెండు పరీక్షల్లోనూ తప్పిన ఉత్తరాన్ని ఏం చెయ్యాలో డీమార్క్ చెబుతుంది. మొదట "ఏమీ చెయ్యొద్దు, రిపోర్టు పంపండి చాలు" అని పెట్టి, అంతా సరిగ్గా ఉందని తేలాకే గట్టిగా బిగించండి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతి ఒక్కరికీ ఎస్‌పీఎఫ్ గానీ డీకిమ్ గానీ ఉండి తీరాలి. రెండూ పెట్టుకోవడమే మేలు.

5. నాలుగో రోజు పొద్దున

అసలు పాఠం ఇది. ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్ నుంచి పాస్‌వర్డ్ లేకుండా మెయిల్ పంపుకోవచ్చని పోస్ట్‌ఫిక్స్‌లోని మైనెట్‌వర్క్స్ అనే చోట మా ఇంటి నెట్‌వర్క్ మొత్తాన్ని, అంటే 192.168.1తో మొదలయ్యే అడ్రస్‌లన్నిటినీ, చేర్చా. ఇంటివాళ్లే కదా అనుకున్నా.

నాలుగో రోజు పొద్దున చూస్తే క్యూలో ఆరు వేల పైచిలుకు మెయిళ్లు. ఒక్కటీ నాది కాదు. రిలే సంస్థ అప్పటికే మా ఖాతా ఆపేసింది. లాగ్ తెరిస్తే అన్నీ 192.168.1.1 నుంచే వచ్చాయి. అది మా రౌటర్! బయటి నుంచి వచ్చినవాళ్ల అసలు అడ్రస్ తీసేసి, తన అడ్రస్ అంటించి లోపలికి పంపుతోంది. దాంతో ఊళ్లోవాళ్లంతా పోస్ట్‌ఫిక్స్ కంటికి ఇంటివాళ్లయిపోయారు. దీన్నే ఓపెన్ రిలే అంటారు. ఎవరి ఉత్తరాన్నైనా ఎవరికైనా మోసే గాడిద అన్నమాట.

సిగ్గనిపించింది. ఆ ఆరు వేల మందిలో ఎంతమంది మోసపోతారో అని భయమూ వేసింది. సర్వర్ ఆపేసి, క్యూ ఖాళీ చేశా. మైనెట్‌వర్క్స్‌లో 127తో మొదలయ్యే సొంత యంత్రాన్ని మాత్రమే ఉంచా. ఇంట్లో ఉన్నా సరే, పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ పంపలేరు. రౌటర్ సెట్టింగూ మార్చా. ఓపెన్ రిలే పరీక్ష చేసే సైట్లు ఉన్నాయి, వాటితో మళ్లీ మళ్లీ చూసుకున్నా. రిలే వాళ్లకి జరిగింది జరిగినట్టు రాస్తే రెండు రోజులకి ఖాతా తిరిగిచ్చారు. మీరు చేస్తే ఈ పరీక్ష మొదటి గంటలోనే చెయ్యండి.

6. తెలుగులో చిరునామా

సాహిత్య క్లబ్బుకి ఇంగ్లీషు చిరునామా ఏంటని ఇంకో ప్రయత్నం చేశా. 2012లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6531 ప్రకారం @కి ముందు కూడా తెలుగు అక్షరాలు పెట్టొచ్చు. పోస్ట్‌ఫిక్స్ 3.0 నుంచి ఇది పనిచేస్తుంది. .భారత్ డొమైన్ తెలుగు లిపిలోనూ ఉంది. "కథలు" అనే పేరుతో పెట్టె పెట్టా. కానీ దారిలో ఉన్న ప్రతి సర్వరూ దీన్ని ఒప్పుకోవాలి, ఒక్కటి కాదన్నా ఉత్తరం తిరుగుటపాలో వెళ్లిపోతుంది. అందుకని పక్కనే ఇంగ్లీషు పేరూ ఉంచాలి. అయినా మా ఇంటి డబ్బాలో "కథలు"కి మొదటి మెయిల్ పడినప్పుడు మాత్రం అమ్మని పిలిచి చూపించా.

7. చివరికి ఏం తేలింది?

సర్వర్ బాగానే నడిచింది. కానీ ఒక రోజు నాకే తట్టింది. రెండేళ్లకి నేనూ పాసై వెళ్లిపోతా. అప్పుడు మీ కథలన్నీ మా ఇంట్లో ఉంటాయి. సీనియర్ అన్న ఫోన్ నంబర్‌కీ, మా ఇంటి ల్యాప్‌టాప్‌కీ తేడా ఏముంది?

మనకి కావాల్సింది సర్వర్ కాదు, డొమైన్. డొమైన్ మనదైతే ఎంఎక్స్ రికార్డు మార్చి ఉత్తరాలని రేపు ఇంకెక్కడికైనా తిప్పుకోవచ్చు, చిరునామా మాత్రం మారదు. అందుకే డొమైన్‌ని క్లబ్బు పేరున, ఫ్యాకల్టీ కోఆర్డినేటర్ సర్ దగ్గర పెట్టాం. మెయిల్ పెట్టెని డబ్బు కట్టే ఒక చిన్న సేవకి మార్చాం. మా ఇంటి ల్యాప్‌టాప్ ఇప్పుడు రోజూ రాత్రి దాని కాపీ తీసుకుంటుంది. ఏటా జూన్‌లో పాత కమిటీ కొత్త కమిటీకి పాస్‌వర్డ్‌లు, రికవరీ నంబర్ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇవ్వాలని తీర్మానం చేశాం. సమస్యని తీర్చింది ఆ కాగితమే. కానీ సర్వర్ కట్టకపోతే అది నాకు అర్థమయ్యేది కాదు.

ఇంటిపని: మీకొచ్చిన ఏదో ఒక మెయిల్ హెడర్లు తెరవండి. "రిసీవ్డ్" అనే లైన్లని కింది నుంచి పైకి చదవండి, ఆ ఉత్తరం నడిచొచ్చిన దారి కనిపిస్తుంది. ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పాసయ్యాయో లేదో అక్కడే ఉంటుంది. చూశాక, పాత ఖాతాలో చిక్కుకున్న మీ కథ కాపీ మీ దగ్గర ఉంటే, దయచేసి మళ్లీ పంపండి. ఈసారి పోదు.