బంతిపూలలో భేదములు

బాలలారా! వెల్గటూరు ప్రాంతమున బతుకమ్మ పండుగ సమీపించినంతనే ఇంటింట బంతిపూలు రాశులుగా కనబడును. స్త్రీలు తంగేడు, గునుగు పూలతోడ వానిని వరుసలుగా పేర్చుదురు. ఆ రాశిని పరిశీలించి చూడుడు. ఒకటి పసుపువన్నె, ఒకటి నారింజవన్నె. ఒకటి ముద్దబంతి, మరియొకటి ఒంటివరుస రేకులది. ఈ భేదము లేల కలిగినవి?

మా పాఠశాల తోటలో జరిగిన సంగతి చెప్పెదను. ఒక సంవత్సరము బజారున కొన్న సంకర విత్తనములు చల్లితిమి. మొక్కలన్నియు ఒక్క ఎత్తున పెరిగి, ముద్దపూలు పూచినవి. తోటమాలి వాని విత్తనములను గుడ్డలో మూటగట్టి దాచెను. మరుసటి యేడు వానినే నాటగా కొన్ని పొడవుగను, కొన్ని పొట్టిగను పెరిగినవి. కొన్నింట రేకులు పలుచబడెను. "తాత విత్తనములు కలిపివేసినాడు" అని పిల్లలు నిందించిరి. ఆ వృద్ధుడు మారుమాటాడక తల వంచుకొనెను.

నేను పిల్లలను పిలిచి యిట్లంటిని: "తొందరపడకుడు. సంకర విత్తనమునకు తల్లి ఒక రకము, తండ్రి వేరొక రకము. మొదటి తరమున మొక్కలన్నియు ఒక్క తీరుగా నుండును. వాని సంతానమున ఉభయుల జన్యువులు విడివడి, క్రొత్త రీతుల కూడుకొనును. కావున ఈ భేదము మూటలో కలిగినది కాదు, విత్తనములోనే దాగియున్నది."

"అయ్యా! మరి ఆ వేపచెట్టు క్రింది మొక్క గిడసబారినదేల?" అని ఒక బాలుడడిగెను. "అది నీడవలన కలిగిన లోపము. దాని విత్తనమును ఎండలో నాటినచో చక్కగా పెరుగవచ్చును. కంటికి కనబడు రూపమునకు జన్యువులును, నేల, నీరు, ఎండలును కారణములే" అంటిని.

పిల్లలు సిగ్గుపడి తాతకు నమస్కరించి, క్షమింపుమని వేడుకొనిరి.

బంతి మన దేశపు మొక్క కాదు. దాని జన్మస్థానము మెక్సికో ప్రాంతము. పెద్దపూల బంతి కణములలో 24 క్రోమోసోము లుండగా, చిన్నపూల బంతిలో 48 ఉండును. ఈ రెండిటిని సంకరము చేసినచో పుట్టు మొక్కకు 36 వచ్చును. అవి సరిగా జతపడవు గనుక దానికి సాధారణముగా విత్తులు పట్టవు.

ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థవారు నారింజవన్నెగల 'పూసా నారంగి గేందా', పసుపువన్నెగల 'పూసా బసంతి గేందా' అను రకములను రూపొందించిరి. ఇవి సంకరములు కావు. ఇతర రకములకు దూరముగా పెంచి, మేలైన మొక్కలనుండి విత్తనము తీసినచో గుణము నిలుచును. పండుగకు పూలనమ్మి జీవించు రైతు ఈ భేదము నెరుగనిచో ఏడాది కష్టమును కోల్పోవును.

బాలలారా! కారణము నరయకముందే ఒకరిపై నేరము మోపకుడు.