చిల్లగింజ నీళ్లను ఎట్లా తేరుస్తది?



వానాకాలం గోదావరి నీళ్లు ఎట్లా ఉంటాయో భద్రాచలం, బూర్గంపాడు, చర్ల వైపు నుండి వచ్చిన పిల్లలకు నేను చెప్పక్కర్లేదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు వచ్చింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వరదప్పుడు చుట్టూ నీళ్లే, తాగటానికి మాత్రం చుక్క ఉండదు. అట్లాంటి బురద నీళ్లకి మన పెద్దవాళ్లు చిల్లగింజ వాడతారు. రాతి మీద కొంచెం నీళ్లేసి అరగదీసి ఆ గంధం బిందెలో కలుపుతారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగుతది. దీన్నే ఇండుప గింజ అని కూడా అంటారు, సంస్కృతంలో కతకం. సుశ్రుత సంహితలో నీళ్లు తేర్చే వస్తువుల్లో దీని పేరు ఉంది. అంటే ఇది మూఢనమ్మకం కాదు. మరి ఎట్లా పనిచేస్తది?

ముందు ఒక సంగతి. మట్టి దానంతట అది ఎందుకు దిగదు? ఇసక వెంటనే దిగుతది కదా! బంకమట్టి రేణువు చాలా చిన్నది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉన్న రేణువు బిందెలో అడుగు లోతు దిగాలంటే లెక్క ప్రకారం దాదాపు 4 రోజులు పడుతుంది. అంతకన్నా చిన్నవైతే నీటి అణువులు అటూ ఇటూ కొడుతుంటే ఆడుతూనే ఉంటాయి. ఇదే మన పాఠంలో చదివిన బ్రౌనియన్ చలనం. పైగా బంకమట్టి రేణువుల మీద రుణావేశం ఉంటది. అన్నింటికీ ఒకటే ఆవేశం, అందుకే ఒకదాన్నొకటి తోసుకుంటాయి, కలిసి ముద్ద కావు. ఇట్లాంటి నీళ్లనే కొల్లాయిడ్ (కాంజికాభం) అంటారు. చీకట్లో గ్లాసు మీద టార్చి వేస్తే వెలుగు దారి కనబడుతుంది.

ఇప్పుడు గింజ సంగతి. చిల్లగింజలో జిగురు పదార్థం ఉంది. అది చక్కెర అణువులు గొలుసులాగా ఒకదానికొకటి తగులుకొని అయిన పొడవైన అణువు. అట్లాంటి అణువునే పాలిమర్ అంటారు. ఈ దారం ఒక కొస ఒక రేణువుకు అంటుకుంటది, ఇంకో కొస పక్క రేణువుకు. మధ్యలో వంతెన వేసినట్టు. వాగు దాటటానికి తాడు కట్టినట్టు అనుకోండి. అట్లా రేణువులు గుత్తులు గుత్తులుగా అవుతాయి. రేణువు పదింతలు పెద్దదైతే దిగే వేగం వందింతలు పెరుగుతది. గుత్తిలో నీళ్లు కూడా ఉంటాయి కాబట్టి నిజంగా అంత వేగం రాదు, కానీ నాలుగు రోజుల పని గంటల్లో అయిపోతది. పటిక చేసేది వేరే పని. దానిలో అల్యూమినియం ఆవేశం మూడు ధనం, అది మట్టి రుణావేశాన్ని తగ్గిస్తది.

మేము మూడు గ్లాసులు పెట్టి చూశాం. ఒకదాంట్లో ఏమీ వేయలేదు. రెండోదాంట్లో కొంచెం గంధం, మూడోదాంట్లో బాగా ఎక్కువ. రెండోది తేరుకుంది. మూడోది ఎక్కువ వేశాం కాబట్టి ఇంకా బాగా తేరుకోవాలి కదా? తేరుకోలేదు, మబ్బుగానే ఉంది! జిగురు ఎక్కువైతే ప్రతి రేణువు చుట్టూ దారాలు నిండిపోతాయి. పక్క రేణువు దారం అంటుకోవటానికి చోటే దొరకదు. ఒంటి నిండా వెంట్రుకలున్న గొంగళిపురుగుల్లాగా దగ్గరికి వచ్చినా ఆగిపోతాయి. కొంచెమైతే కలుపుతది, ఎక్కువైతే విడదీస్తది. నాకు ఇదే అన్నిటికన్నా బాగా నచ్చింది.

ఈ విడదీసే గుణం కూడా పనికొస్తది. మన పత్రిక పేరు రాసిన నల్ల డ్రాయింగ్ ఇంకు అట్లాంటిదే. వట్టి దీపం మసిని నీళ్లలో వేస్తే కలవదు, ఉండ కడుతుంది. తుమ్మజిగురు వేసి నూరితే మసి రేణువుల చుట్టూ జిగురు పట్టి విడివిడిగా నిలబడతాయి. పాతకాలం సిరా అట్లానే చేసేవాళ్లు.

జాగ్రత్త ఒకటి: తేట నీళ్లు అన్నీ మంచి నీళ్లు కావు. మట్టితో పాటు కొన్ని క్రిములు దిగుతాయి కానీ అన్నీ పోవు. వరద నీళ్లలో కలరా, కామెర్లు తెచ్చే క్రిములు ఉండొచ్చు. తేరిన నీళ్లు వంచి, మరగబెట్టి తాగాలి. ఇంకోటి, చిల్లగింజ పూసలాగా గుండ్రంగా ఉంటది. దాని చుట్టమే ముసిడి గింజ, గుండీలాగా బల్లపరుపుగా ఉంటది, అది విషం. చిన్నపిల్లలు ఏరేటప్పుడు పెద్దవాళ్లకు చూపించాలి.

సరే, పాలిమర్ రేణువుకు అసలు అంటుకోకపోతే? ఏమీ కాదు అనుకుంటాం. 1954లో జపాన్ లో అసకురా, ఊసావా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అప్పుడు కూడా రేణువులు దగ్గరికి వస్తాయని చూపించారు. మెస్సు ముందు రెండు పెద్ద డ్రమ్ములు దగ్గర దగ్గరగా ఉన్నాయనుకోండి. చుట్టూ పిల్లలు తోసుకుంటున్నారు. డ్రమ్ముల మధ్య సందులో ఎవరూ పట్టరు. బయటి నుండే తోపులు, లోపలి నుండి ఎవరూ తోయరు. డ్రమ్ములు ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఇక్కడ డ్రమ్ములు రేణువులు, పిల్లలు ఉండచుట్టుకున్న పాలిమర్లు. ఎవరూ ఎవరినీ లాగలేదు, అయినా దగ్గరయ్యాయి!

– 9వ తరగతి విద్యార్థిని