జర్మనీలో ఆటతోడు

ప్రశ్న: డ్రెస్డెన్‌లో ఎమ్మెస్ చదువుతున్నాను. ఆరు నెలలైనా గదిలో, తరగతిలో మనవాళ్ళే స్నేహితులు. ఇక్కడివాళ్ళతో ‘హలో’ దాటి మాట సాగడం లేదు. ఇంటి దగ్గర షటిల్ బాగా ఆడేవాణ్ణి. ఏం చేయమంటారు?

జవాబు: ఆ షటిలే మీకు దారి. వాళ్ళది పొగరనుకోకండి. ముక్కూమొహం తెలియనివాళ్ళతో కబుర్లు పెట్టుకోవడం అక్కడ చాలామందికి అలవాటు లేదు. ప్రతివారం అదేచోట కనిపించే మనిషికి మాత్రం నెమ్మదిగా దగ్గరవుతారు.

యూనివర్సిటీలో ‘హోఖ్‌షూల్‌స్పోర్ట్’ ఉంటుంది, అంటే విద్యార్థుల ఆటల కార్యక్రమం, ఫీజు తక్కువ. సెమిస్టర్ మొదట్లో బుకింగ్ తెరవగానే మంచి ఆటలు నిండిపోతాయి. తేదీ ముందే కనుక్కోండి.

నేను గట్టిగా చెప్పేది మాత్రం ‘ఫెరైన్’ గురించి. అంటే ఊరి క్రీడా సంఘం. చాలావరకు సభ్యులే స్వచ్ఛందంగా నడుపుకుంటారు. బడిపిల్లల నుంచి తాతల దాకా ఉంటారు. చేరేముందు ‘ప్రోబెట్రైనింగ్’ అడగండి, చాలాచోట్ల ఒకటి రెండుసార్లు ఉచితంగా ఆడనిస్తారు. ఆఫీసులో ‘జీ’ అని మన్నించేవాళ్ళే అక్కడ ‘డు’ అంటారు, మన ‘మీరు’ ‘నువ్వు’గా మారినట్టు. వచ్చీరాని జర్మన్‌తోనే మాట కలపండి. ఆట అయ్యాక బ్యాగు సర్దుకుని వచ్చేయకండి. నెట్టు విప్పడానికి చెయ్యి వేయండి. తాగడానికి పిలిస్తే వెళ్ళండి. బీరే తాగక్కర్లేదు, ఆపిల్ రసంలో సోడా కలిపిన ‘ఆప్ఫెల్‌షోర్లె’ చాలు. నా దృష్టిలో అసలు స్నేహం మొదలయ్యేది ఆ అరగంటలోనే.

మనవాళ్ళతో ఆదివారం క్రికెట్ మానొద్దు. ఫెరైన్‌లో చేరేటప్పుడు సభ్యత్వం రద్దు గడువు సంతకానికి ముందే చదవండి. ఆడే హాలుకు, నేలమీద మరక చేయని అడుగున్న బూట్లు వేరుగా తీసుకెళ్ళండి.