కోడిపిల్లకూ పసిబిడ్డకూ కావలసినవి మూడు



భీమ్‌గల్ చుట్టుపక్కల ఊళ్ళలో బీడీలు చేసుకుంటూ వాకిట్లో నాలుగు కోళ్ళు పెంచుకునే తల్లులు ఎందరో మన ఆసుపత్రికి వస్తుంటారు. "పిల్లవానికి గుడ్డు పెట్టమ్మా" అంటే, "పిల్లలను తెస్తే నెల తిరగకముందే సచ్చిపోతున్నయి సిస్టరమ్మా, గుడ్డు ఎక్కడిది?" అంటారు. అందుకే ఈ పాఠం. నర్సమ్మలకు కోళ్ళ సంగతి ఏమి తెలుసు అనుకోకండి. పుట్టిన బిడ్డకు మేము చూసుకునేవి మూడు: వెచ్చదనం, శుభ్రత, టీకా. కోడిపిల్లకూ అవే కావాలి.

ఏ పిల్లలను తేవాలి?

నాటుకోడి ఏడాదికి సుమారు 50 గుడ్లు పెడుతుంది. తన పిల్లలను తానే పొదిగి కాచుకుంటుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసం వనరాజా, గ్రామప్రియ రకాలను తయారుచేసింది. వనరాజా ఏడాదికి 100 నుండి 110 గుడ్లు పెడుతుంది, మాంసానికి కూడా మంచిది. గ్రామప్రియ 160 నుండి 180 వరకు పెడుతుంది. కాని ఈ రకాల పిల్లలు తల్లి లేకుండా మన ఇంటికి వస్తాయి. మొదటి ఆరు వారాలు మనమే వాటికి తల్లి.

1. వెచ్చదనం

ఒక డిసెంబరులో మేము మా క్వార్టర్స్‌కు 20 పిల్లలను తెచ్చి, గంప కింద కప్పి వరండాలో ఉంచాము. తెల్లవారేసరికి ఏడు పిల్లలు మూలకు చేరి, ఒకదాని కింద ఒకటి నలిగి చచ్చిపోయాయి. రోగం కాదు, చలి. బిడ్డను తల్లి రొమ్ముకు హత్తుకోమని రోజూ చెప్పే మేమే ఆ సంగతి మరచిపోయాము.

అట్టముక్కతో గుండ్రంగా దడి కట్టండి. మూలలు ఉండకూడదు. కింద రెండు అంగుళాల ఊక పోసి, మొదటి రోజులు పైన కాగితం పరవండి. 60 వాట్ల పాతకాలపు బల్బు వేలాడదీయండి. ఇప్పటి ఎల్.ఇ.డి. బల్బు వెలుగు ఇస్తుంది గాని వెచ్చదనం ఇవ్వదు. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి. తరువాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించండి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా చేరితే చలి. దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి. అంతటా తిరుగుతూ తింటుంటే సరిపోయింది. కరెంటు పోతే వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి లోపల పెట్టండి.

2. శుభ్రత

రాగానే మొదట బెల్లం కలిపిన నీళ్ళు, కాసేపటికి మెత్తగా పగలగొట్టిన మక్కలు ఇవ్వండి. తరువాత ఆరు వారాల దాకా కోడిపిల్లల దాణా పెట్టండి. నీళ్ళ పళ్ళెంలో గులకరాళ్ళు వేస్తే పిల్లలు మునగవు. నీళ్ళు రోజూ మార్చాలి. తడిసిన ఊకను వెంటనే తీసివేయాలి. తడిలోనే రక్తవిరేచనాల రోగం పెరుగుతుంది.

3. టీకా

గూడంతా ఖాళీ చేసేది కొక్కెర తెగులు, అంటే రాణిఖేత్. పచ్చగా పారుకుంటాయి, మెడ తిరిగిపోతుంది. దీనికి మందు లేదు, టీకాయే రక్ష.

5–7 రోజులకు: లసోటా, కంటిలో చుక్క
14 రోజులకు: గంబోరో చుక్క
28 రోజులకు: మళ్ళీ లసోటా
6 వారాలకు: కోళ్ళ మశూచి టీకా
8–10 వారాలకు: రాణిఖేత్ సూది

టీకా సీసా తరచుగా 100 కోళ్ళకు సరిపడా వస్తుంది. కలిపిన తరువాత ఒకటి రెండు గంటల్లో వాడేయాలి. ఒక్క ఇంటికి అది దండుగ. సంఘంలోని పది ఇళ్ళవారు కలిసి పశువైద్యశాలకు వెళ్ళండి. సీసాను ఐసులో పెట్టి తీసుకురండి. జబ్బుపడిన కోడికి టీకా వేయించకండి.

ఆరు వారాల తరువాత

పగలు పెరట్లో వదలండి. పురుగులు, ఆకులు ఏరుకుంటాయి. సాయంత్రం కొన్ని నూకలో జొన్నలో వేస్తే తామే గూటికి వస్తాయి. పిల్లి, కుక్క, ముంగిస దూరకుండా గూటికి గట్టి తలుపు ఉండాలి. సుమారు ఆరు నెలలకు గుడ్డు మొదలవుతుంది. అప్పుడు సున్నపురాయి పొడి కొంచెం దాణాలో కలపండి.

బిడ్డ జాగ్రత్త

కోళ్ళను వంటింట్లో, బిడ్డ పడుకునే గదిలో ఉంచకండి. పాకే బిడ్డ నేలమీది రెట్టను నోట్లో పెట్టుకుంటే విరేచనాలు పట్టుకుంటాయి. కోడిని, గుడ్డును ముట్టిన చేతులు సబ్బుతో కడగండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ళ ఫారాలలో బర్డ్ ఫ్లూ బయటపడింది. మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన ఒక చిన్నపాప ఆ వ్యాధితో చనిపోయింది. కోళ్ళు ఒక్కసారిగా చస్తే వండుకోకండి, కాలువలో వేయకండి. పశువైద్యశాలకు చెప్పి, సున్నం వేసి లోతుగా పాతండి. మాంసం, గుడ్డు బాగా ఉడికించే తినండి.

చివరి మాట

గుడ్లన్నీ అంగట్లో అమ్మి, ఆ డబ్బుతో బిడ్డకు బిస్కెట్లు కొనే తల్లులను చూస్తున్నాము. ఒక్క గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఆరు నెలలు నిండిన బిడ్డకు ఉడికించి, మెత్తగా మెదిపి పెట్టవచ్చు. బిడ్డకు ఒకటి, ఇంట్లో గర్భిణి ఉంటే ఆమెకు ఒకటి తీసిపెట్టి, మిగిలినవి అమ్మండి. గుడ్డు తింటున్నామని గర్భిణులు ఐరన్ మాత్రలు మానకండి.

సంఘంలో మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో కిందటిసారి పిల్లలు ఎందుకు చచ్చిపోయాయి? చలికా, తెగులుకా?
2. టీకా కోసం మీతో కలిసే పది ఇళ్ళు ఏవి?
3. ఈ వారం మీ ఇంటి గుడ్లను ఎవరు తిన్నారు?