గట్టు గీకకండి

ప్రశ్న: ఆదివారాలు పిల్లల్ని తాపీ ఒడ్డుకు తీసుకెళ్లి తెల్లపక్షులకు గాఠియా వేస్తాం. మొన్న ఒకాయన తప్పన్నాడు. పుణ్యం కాదా?
– పాఠకురాలు, లింబాయత్, సూరత్

జవాబు: ఆయన మాటే నిజం. అవి సీగల్ పక్షులు. వాటిలో గోధుమ తలవి లడఖ్, టిబెట్ సరస్సుల్లో గుడ్లు పెట్టి, చలికాలానికి ఇటు వస్తాయి. చేపలు, పురుగులు తినే పక్షికి ఉప్పు, నూనె కలిసిన శనగపిండి ఎందుకమ్మా? మళ్లీ అంత దూరం ఎగరాల్సిన ఒళ్లు అది. పిల్లలకు చూడటం నేర్పండి, చాలు.

ప్రశ్న: ఉత్తరాయణ్‌కి చైనా మాంజా కావాలని పిల్లాడు మారాం చేస్తున్నాడు.
– పాఠకుడు, ఉధ్నా

జవాబు: కొనకండి, 2017లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ దాన్ని దేశమంతటా నిషేధించింది. నూలు దారమైనా సరే, పక్షులు ఎక్కువగా ఎగిరే పొద్దున్నే, పొద్దుగూకే వేళ పతంగి ఎగరేయనివ్వకండి.

ప్రశ్న: పాలమూరులో అన్న జొన్న వేశాడు. పిట్టలు గుంపులుగా దిగుతున్నాయని, సూరత్ నుంచి నైలాన్ వల పంపమంటున్నాడు.
– పాఠకుడు, సూరత్

జవాబు: పంపకండి. వలలో చిక్కిన పిట్ట గింజుకుని గింజుకుని చస్తుంది. నల్ల తల, గులాబి ఒళ్లు ఉంటే అవి పాలిస పిట్టలు. చైనాలోని షింజియాంగ్‌లో ఇవి మిడతల్ని తింటాయని రాళ్లతో గూళ్లు కట్టిపెడతారు. జొన్నకు వీటి బెడద గింజ పాలు పట్టినప్పటి నుంచి గట్టిపడే దాకానే. మీరక్కడ పోంక్ అని తినే ఊచబియ్యం అదను అదే. ఆ కొద్ది రోజులు మంచె మీద మనిషి, డబ్బా చప్పుడు, మెరిసే రిబ్బన్లు ఉంటే చాలు.

ప్రశ్న: మాది సిరిసిల్ల వైపు. ఇక్కడ మగ్గాల మీద బతుకుతున్నాం, రెండెకరాలు కౌలుకిచ్చాం. నాన్న ఉన్నప్పుడు చలికాలం చేనంతా పిట్టలే. మొన్న వెళితే ఒక్కటీ లేదు. ఇక్కడిలా పక్షులకు చబూతరో గద్దె కట్టించి గింజలు పోయిద్దామని ఉంది. ఎంత ఎత్తు కట్టాలి?
– పాఠకుడు, లింబాయత్

జవాబు: అసలు కట్టించకండి. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి, అందుకే కాస్త గట్టిగా చెబుతున్నాను. చబూతరో గొప్ప ఆచారమే, కానీ దాని మీద నిండేవి పావురాలు. మీ నాన్నగారు గింజలు పోసి పిట్టల్ని పిలవలేదు. గట్టును గట్టులా వదిలేశారు. అక్కడ రేగు, పరికి, తుమ్మ ఉండేవి. పిట్టకు పండూ, ముల్లు చాటూ రెండూ దొరికేవి. కోత అయ్యాక రాలిన పరిగె దానిదే. ఇప్పుడు గట్టును గీకి మందు కొడుతున్నారు, కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. పరిగె కాలిపోయింది, పురుగూ పోయింది. పిచ్చుక గింజలు తిన్నా, పిల్లలకు పెట్టేది పురుగులే. మీ గింజల పళ్లెంతో దాని కాపురం నిలవదు.

కౌలుదారును తిట్టకండి, ఆయనకూ రూపాయి కావాలి. గట్టు వెంట రెండు గజాలు వదలమనండి, ఆ మేరకు కౌలు తగ్గించండి. చబూతరోకు అయ్యే ఖర్చుతో ఈ తగ్గింపు ఎన్నో ఏళ్లు గడుస్తుంది. వరి కోశాక కొయ్యకాళ్లు తగలబెట్టకుండా దున్నమనండి. పత్తి, కంది వేస్తే చుట్టూ రెండు సాళ్లు జొన్న, మధ్యలో అక్కడక్కడ అడ్డకర్ర కట్టిన గుంజలు పెట్టించండి. ఏట్రింత పిట్ట ఆ గుంజల మీద వాలి పచ్చపురుగును ఏరి తింటుంది. అది ఆయనకూ లాభమే. ఇక మందు పట్టించిన విత్తనం గట్టు మీద ఒక్క గింజ కూడా మిగలకూడదు, తిన్న పిట్ట చస్తుంది.

ఉగాదికి కౌలు తిరగ మాట్లాడుకునేటప్పుడు, ధర కంటే ముందు గట్టు మాట ఎత్తండి.