టీకాకు అనుపానం – కాల్షియం ఫాస్ఫేట్

ఉద్దేశం: టీకామందు ప్రభావాన్ని ఇనుమడింపజేసే సహాయక ద్రవ్యాల చరిత్రను, పనితీరును తెలియజేసి, విద్యార్థులలో శాస్త్రీయ దృష్టిని పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

మన పెద్దలు చూర్ణాన్ని వట్టిగా మింగించరు. తేనెతోనో, నేతితోనో, అల్లపు రసంతోనో రంగరించి ఇస్తారు. దీనిని ఆయుర్వేదం అనుపానమంటుంది. ఔషధం ఒకటే అయినా, తగిన అనుపానం తోడైతేనే దాని గుణం రాణిస్తుందని వైద్యుల విశ్వాసం. ఆధునిక వైద్యంలో టీకాలకు కూడా ఇటువంటి తోడు ఒకటి ఉంది. దానిని 'అడ్జువెంట్' అంటారు. 'సహాయపడు' అనే అర్థంగల లాటిన్ ధాతువు నుంచి పుట్టిన మాట ఇది. మనం దీనిని సహాయక ద్రవ్యం అనవచ్చు.

టీకాకు తోడెందుకు? రోగకారక జీవిలోని ఒక భాగాన్ని మాత్రమే శుద్ధి చేసి శరీరంలోకి పంపినప్పుడు, శరీరం దానిని అంతగా లక్ష్యపెట్టదు. ఒంటరి బాటసారిని చూసి కోట కావలివారు ఉలిక్కిపడరు కదా! అప్పుడు నగారా మోగించి వారిని మేల్కొలిపేది సహాయక ద్రవ్యమే. అది ఉంటే తక్కువ మోతాదుతోనే ఎక్కువ రక్షణ లభిస్తుంది.

ఈ రహస్యం గుర్రపుశాలలో బయటపడింది. కంఠసర్పి పసిపిల్లల గొంతు నులిమి ప్రాణాలు తీస్తున్న రోజులవి. ఫ్రాన్సులోని పాశ్చర్ సంస్థలో గాస్టన్ రామోన్ అనే పశువైద్యుడు, ఆ వ్యాధికి విరుగుడు మందు కోసం గుర్రాలకు సూదిమందు ఇచ్చేవాడు. సూది వేసిన చోట వాపు, చీము పట్టిన గుర్రాల రక్తంలో విరుగుడు ఎక్కువగా తయారవడం అతడు గమనించాడు. 1925 ప్రాంతంలో కర్రపెండలం పిండి, రొట్టెపొడి వంటివి మందులో కలిపి చూశాడు. ఫలితం హెచ్చింది. 1926లో ఇంగ్లండులో అలెగ్జాండర్ గ్లెన్నీ పటికను ప్రయోగించాడు. మన ఇళ్లలో బురదనీటిని తేర్చే పటికే ఇది. నాటి నుంచి అల్యూమినియం లవణాలు టీకాలలో స్థిరపడ్డాయి.

తరువాత పాశ్చర్ సంస్థలోనే ఎడ్గార్ రెలివెల్డ్ మరొక ద్రవ్యాన్ని అభివృద్ధి చేశాడు. అదే కాల్షియం ఫాస్ఫేట్. ఇది మనకు పరాయి వస్తువు కాదు. మన ఎముకలకు, దంతాలకు గట్టిదనమిచ్చే ఖనిజం ఈ జాతిదే. దీని సూక్ష్మాతిసూక్ష్మ కణాల ఉపరితలానికి టీకాలోని పదార్థం అంటుకొని ఉంటుంది. రక్షక కణాలు ఆ రేణువులను మింగి, శత్రువు ఆనవాళ్లను తక్కిన కణాలకు చూపుతాయి. పని ముగిశాక కాల్షియం ఫాస్ఫేట్ క్రమంగా కరిగి శరీరంలో కలిసిపోతుంది. కంఠసర్పి, ధనుర్వాతం, కోరింతదగ్గు, పోలియో టీకాలలో ఫ్రాన్సు దీనిని 1980ల చివరివరకు వాడింది. తరువాత అల్యూమినియం లవణాలే అక్కడ కూడా దాని స్థానాన్ని ఆక్రమించాయి.

ఎలర్జీ చికిత్సలోనూ దీనికి స్థానముంది. పుప్పొడి తగిలితే కొందరికి తుమ్ములు, ఆయాసం వస్తాయి. నిరపాయకరమైన పుప్పొడిని శరీరం శత్రువుగా భ్రమించి, ఐజీఈ అనే ప్రతిదేహాలతో ఎదుర్కోవడమే దీనికి కారణం. 1911లో లండన్‌లో లియొనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని స్వల్ప మోతాదులో మొదలుపెట్టి, క్రమంగా పెంచుతూ సూదిద్వారా ఇచ్చి, రోగుల సహనశక్తిని పెంచాడు. అయితే ఆ సారం ఒక్కసారిగా రక్తంలో కలిస్తే ప్రాణాపాయం కలగవచ్చు. కాల్షియం ఫాస్ఫేట్‌కు అంటుకొని ఉన్నప్పుడు అది నెమ్మదిగా విడుదలవుతుంది. ఈ చికిత్స సాధారణంగా మూడు నుంచి అయిదేళ్లు సాగుతుంది. అన్నేళ్లు పదేపదే ఇచ్చే మందుకు, శరీరం తనలో కలుపుకోగల తోడు ఉండటం మేలే కదా!

వ్యాకరణంలో ఉపసర్గను స్మరించండి. 'హార' శబ్దానికి 'ఆ' చేరితే ఆహారం, 'ప్ర' చేరితే ప్రహారం. సహాయక ద్రవ్యం కూడా బలం చేకూర్చడమే కాక, దారి మళ్లిస్తుంది. జంతువులపై చేసిన ప్రయోగాలలో అల్యూమినియం లవణాలు ఐజీఈని పెంచగా, కాల్షియం ఫాస్ఫేట్ దానిని అంతగా ప్రేరేపించక, రక్షణనిచ్చే ఐజీజీ ప్రతిదేహాలను పెంచింది.

అంతమాత్రాన అల్యూమినియాన్ని చూసి భయపడనక్కరలేదు. డెన్మార్క్‌లో 12 లక్షలకు పైగా పిల్లల వివరాలతో 2025లో వెలువడిన అధ్యయనం 50 వ్యాధులను పరిశీలించింది. టీకాలలోని అల్యూమినియం వల్ల వాటి ముప్పు పెరిగిందనడానికి ఆధారం కనిపించలేదు. 2021లో అనుమతి పొందిన హైదరాబాదు టీకా కోవాగ్జిన్‌లోనూ అల్యూమినియం లవణానికి మరో అణువును జతచేశారు. ఒక ద్రవ్యం మెరుగైనదా అని విచారించడం శాస్త్రం. వదంతి విని టీకానే మానుకోవడం అవివేకం. ఆ అవివేకానికి మూల్యం చెల్లించేది పసిబిడ్డలు.

అర్థాలు
ఇనుమడించు = రెట్టింపగు
లక్ష్యపెట్టు = లెక్కచేయు
నగారా = పెద్ద భేరి
ప్రహారం = దెబ్బ

సంధులు
సూక్ష్మాతిసూక్ష్మ = సూక్ష్మ + అతిసూక్ష్మ (సవర్ణదీర్ఘ సంధి)
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం (సవర్ణదీర్ఘ సంధి)

ప్రశ్నలు
1. సహాయక ద్రవ్యాల చరిత్రను వివరించండి. (వ్యాసరూపం)
2. ఎలర్జీ చికిత్సలో కాల్షియం ఫాస్ఫేట్ ఉపయోగమేమి? (సంగ్రహం)
3. రచయిత సహాయక ద్రవ్యాన్ని ఉపసర్గతో ఎందుకు పోల్చాడు? (సంగ్రహం)
4. పటికను టీకాలో మొదట ప్రయోగించినదెవరు? (ఏకవాక్యం)